ఆరున్నరకి గేటేస్తారు

మా బుడ్డోడి డే కేర్ సాయంత్రం ఆరున్నరకి క్లోజ్. నేను గచ్చిబౌలిలో సరిగ్గా ఆరింటికి లేచినా మియాపూర్ చేరేసరికి ఏడు, చినుకు పడిందంటే ఇంక చెప్పక్కర్లేదు. పావుగంట లేటుకి వంద రూపాయలు కట్టాలి. డబ్బులు పోతే పోయాయి గానీ, పిల్లలంతా వెళ్లిపోయాక వాడొక్కడూ బ్యాగు తగిలించుకుని, చెప్పులు కుడిదెడమా ఎడమది కుడీ వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గేటు వైపే చూస్తుంటాడు చూడండి, ప్రాణం ఉసూరుమంటుంది.

మొదట్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఎనిమిది నెలలు చూసింది. అక్కడ నాన్న చేయి కాల్చుకుంటున్నారు, ఇక్కడ మూడో ఫ్లోర్ ఎక్కి దిగి అమ్మకి మోకాళ్లు పోయాయి, నేనే బస్సెక్కించేశా.

2017లో ప్రసూతి సెలవుల చట్టం మార్చారు కదా, నాకు 26 వారాల లీవు వచ్చింది దాని పుణ్యమే. అందులోనే 50 మంది, ఆ పైన పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చనీ ఉంది. మా హెచ్‌ఆర్‌ని అడిగితే "టై అప్ ఉందండీ" అంది నవ్వుతూ. ఎక్కడా అంటే పన్నెండు కిలోమీటర్లవతల! నాలుగుసార్లు వెళ్లొస్తే ఇంక రోడ్డు మీదే ఉద్యోగం. పైగా ఈ లెక్కంతా తల్లి పేరు మీదే, మా ఆయన్ని మాత్రం ఆఫీసులో పిల్లాడెక్కడున్నాడని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పోయిన నెల గొడవపడితే ఇప్పుడు వారానికి రెండ్రోజులు ఆయన పికప్.

ఇంకో సంగతి, ఆ వంద మేనేజ్‌మెంట్‌కే పోతుందట, నాకోసం ఆగే ఆయమ్మకి పైసా రాదు. ఆవిడది సంగారెడ్డి వైపు, "గిట్ల కూసో బిడ్డా" అంటూ వాడికి పెరుగన్నం తినిపిస్తుంది, ఇంట్లో నేను పెడితే ఉమ్మేసేది అదే. ఇప్పుడు ఆ వంద ఆవిడకీ విడిగా ఇస్తున్నా, మొదట తీసుకోనంది.

మొన్న గురువారం ఎలాగోలా ఆరూ ఇరవైకే పరిగెత్తుకుంటూ వెళ్లా. వీడు ఆయమ్మ ఒళ్లో కూర్చుని బ్లాకులు పేరుస్తూ తలెత్తకుండానే, "జర ఆగమ్మా" అన్నాడు.