పడావు అన్న మాట

ఈ రోజు మధ్యాహ్నం నాన్నగారి పాత కాగితాలు సర్దుతుండగా ఒక పహాణీ (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే రెవెన్యూ రికార్డు) నకలు చేతికి వచ్చింది. మా రెండెకరాల చెలక (మెట్ట పొలం) సర్వే నంబరుకు ఎదురుగా, పంట పేరు ఉండవలసిన చోట, వెలిసిపోయిన సిరాతో ‘పడావు’ అని రాసి ఉంది. “అప్పట్లో మన చెలక బంజరుగా ఉండేదా?” అని అమ్మను అడిగాను.

“బంజరంటే సర్కారుది బిడ్డా. మనది పడావు పడ్డది, అంతే” అంది.

ఆ మాటలో కొంచెం రోషం కూడా వినిపించింది. హిందుస్తానీ ‘బంజర్’ నుంచి వచ్చిన ఈ పదాన్ని నేను ఇన్నాళ్ళూ పంట లేని ఏ నేలకైనా తగిలిస్తూ వచ్చాను; ఊళ్ళో మాత్రం అది పట్టా లేని ప్రభుత్వ భూమికి పేరుగా స్థిరపడింది. పశువులు మేసే ఉమ్మడి జాగాను బంచరాయి అనడం నేనూ విన్నదే. పడావు అలా కాదు. సాగుకు పనికివచ్చే నేలనే ఆ ఏడాది దున్నకుండా వదిలేస్తే పడావు అంటారు. ఏళ్ళ తరబడి అలాగే ఉండి గడ్డీ తుమ్మలూ మొలిస్తే బీడు అంటారు. (పోత ఇనుమునూ బీడు అనే అంటారు; ఆ పోలిక ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు.) నిజంగా విత్తనాన్ని మొలవనివ్వనిది చౌడు నేల. ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఒకప్పుడు ఆ మన్నును బట్టలుతకడానికి తెచ్చుకునేవారు. నేలలో సోడియం పేరుకుపోయిన చోట జిప్సం చల్లి, నీళ్ళు నిలగట్టి, మురుగు కాలువల ద్వారా వదిలేస్తే అదీ కొంత దారికి వస్తుందంటారు.

చౌడు అన్న మాట నేల గుణాన్ని చెబుతుంది, బంజరు హక్కును చెబుతుంది, పడావు మాత్రం దున్నవలసిన మనిషిని గురించి చెబుతుంది. సంస్కృతం మీద మోజుతో నేను వ్యాసాల్లో వాడుతూ వచ్చిన ‘ఊషరక్షేత్రం’ అసలు చౌడు నేలే, మా చెలకకు అది బొత్తిగా అతకదు.

ఆ ఏడు ఎందుకు దున్నలేదని అడిగితే, ఎడ్లలో ఒకటి చనిపోయిందని, రెండోదాన్ని అమ్ముకున్నామని అమ్మ చెప్పింది. మరుసటి ఏటి నకలు కట్టలో దొరకలేదు గానీ, ఆముదాలు వేశామని ఆమెకు బాగా గుర్తుంది.