వేట రైఫిల్‌కి బ్యారెల్ ఎంత పొడవుండాలి? నా అనుభవం

.308 విన్‌చెస్టర్ తూటా వాడే రైఫిల్ తీసుకోవాలని ముందే అనుకున్నాను కాబట్టి క్యాలిబర్ (తూటా కొలత) గురించి తల బద్దలు కొట్టుకోలేదు. చిక్కంతా బ్యారెల్ (తూటా బయటికొచ్చే గొట్టం) దగ్గరే వచ్చింది. ఒకే మోడల్ 20, 22, 24 అంగుళాల్లో ఉంది. అడిగినవాళ్లంతా "పొడుగ్గా ఉంటేనే గురి కుదురుతుంది" అన్నారు.

స్కోప్ లేకుండా ఇనుప సైట్లతో కాల్చేవాళ్లకు ఆ మాట కొంత వర్తిస్తుంది. స్కోప్ పెట్టుకున్నాక పొడవుకీ గురికీ పెద్ద సంబంధం లేదు. మందం ఒకటే అయితే పొట్టి బ్యారెలే గట్టిగా నిలుస్తుంది. పొడవు వల్ల వచ్చేది వేగం. మండిన మందు నుంచి పుట్టే గ్యాస్‌కి తూటాను తోయడానికి ఇంకాస్త దారి దొరుకుతుంది, అంతే.

ఆ వేగం ఎంతో లెక్క వేశాను. .308లో అంగుళానికి సుమారు సెకనుకు 20, 25 అడుగుల తేడా. తూటాల పెట్టె మీద వేసే వేగం అంకె ఎక్కువగా 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌ది. 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) తూటాకి 2,820 అడుగులని ఉంటే, 20 అంగుళాల బ్యారెల్లో 2,730 దరిదాపుల్లో వస్తుంది. రెండింటినీ 200 గజాలకు జీరో చేస్తే, అంటే గురి పెట్టిన చోటే ఆ దూరంలో తూటా తగిలేలా స్కోప్ సరిచేస్తే, 300 గజాల దగ్గర తూటా దిగడంలో తేడా ఒక్క అంగుళం లోపే. నా చెయ్యి వణుకే అంతకన్నా ఎక్కువ! పైగా నేను వేటాడే పొదల్లో 200 గజాలు దాటితే చూపే ఆనదు.

అందుకే మూడూ భుజానికెత్తి చూశాను. 24 అంగుళాలది మంచె మీద పక్కకి తిప్పబోతే మూతి కర్రకి తగిలింది. భుజాన వేలాడదీసి నడిస్తే కొమ్మలకు తట్టుకుంటుంది. 20 చేతిలో హాయిగా ఒదిగింది కానీ, రేంజ్‌లో కాల్చినప్పుడు ఇయర్ మఫ్స్ ఉన్నా ఆ పేలుడు ముఖం మీద కొట్టినట్టయింది. పక్క బెంచీవాళ్లు తిరిగి చూశారు. దాంతో 22కే ఓటేశాను.

చట్టం ఒప్పుకునే చోట సప్రెసర్ (మూతికి బిగించే, చప్పుడు తగ్గించే గొట్టం) బిగించే ఆలోచన ఉంటే 18 లేదా 20 చాలు. సప్రెసరే ఇంకో ఆరేడు అంగుళాలు కలుపుతుంది. అదే మ్యాగ్నమ్ (ఇంకా శక్తివంతమైన తూటా) అయితే మందు ఎక్కువ, పొట్టి బ్యారెల్లో నష్టమూ ఎక్కువ. నేనైతే 24కి తగ్గను.

నాకు దొరికింది సెకండ్ హ్యాండ్ రైఫిల్, కాబట్టి పొడవు నేనే కొలిచాను. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్ట్ మూసి, మూతిలోంచి క్లీనింగ్ రాడ్‌ను బోల్ట్‌కి తగిలేదాకా దించి, మూతి దగ్గర టేప్ అంటించి గుర్తు పెట్టాను. బయటికి కనిపించేదాన్ని మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది, ఛాంబర్ కూడా పొడవులో భాగమే.

ఒకే పొడవున్న రెండు బ్యారెళ్లు కూడా ఒకే వేగం ఇవ్వవు. అందుకని క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) పెట్టి కాల్చాను. సగటు 2,760 చిల్లర వచ్చింది. పెట్టె మీది అంకె వదిలేసి, దీన్నే బాలిస్టిక్ యాప్‌లో (దూరాన్ని బట్టి తూటా ఎంత దిగుతుందో లెక్కేసేది) వేసుకుని 200 గజాలకు జీరో చేశాను.