కుక్కర్‌లో విజిల్స్ లెక్కపెట్టే ముందు

కుక్కర్ పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని విజిల్స్ రానివ్వాలి?" అని. ఒకరికి సరిగ్గా సరిపోయిన లెక్క ఇంకొకరికి తప్పుతుంది. ఎందుకో తెలియాలంటే మూత కింద ఏం జరుగుతుందో ముందు చూడాలి.

మామూలు గిన్నెలో నీళ్లు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్‌కు మరుగుతాయి. ఆపైన మంట ఎంత పెంచినా నీళ్లు ఆవిరైపోవడమే తప్ప వేడి పెరగదు. కుక్కర్‌లో ఆవిరిని బిగించి ఉంచుతాం కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది, దాంతోపాటు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. బయటి గాలి కన్నా చదరపు అంగుళానికి 15 పౌండ్లు ఎక్కువ ఒత్తిడి ఉంటే నీళ్లు మరిగేది 121 డిగ్రీల దగ్గర. ఇరవై డిగ్రీల తేడాయే కదా అనిపిస్తుంది గానీ, ఉడికే వేగం రమారమి ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. గంట పట్టే శనగలు పావుగంటలో మెత్తబడేది అందుకే. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో చూపించిన పాత్ర సూత్రమూ ఇదే. అది పేలకుండా సేఫ్టీ వాల్వ్ పెట్టిందీ ఆయనే.

ఇక వెయిట్, అంటే మనం విజిల్ అని పిలిచే ముక్క. అది లోహపు బరువే, కానీ లెక్కప్రకారం చేసిన బరువు. ఆవిరి గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర లేవడానికి దాని మీద దాదాపు 75 గ్రాముల బరువుండాలి. రంధ్రం 4 మిల్లీమీటర్లయితే 130 గ్రాములు దాటాలి. పాతది పోయిందని ఆ రెండో కుక్కర్ వెయిట్ తెచ్చి మొదటి కుక్కర్‌కు పెడితే, ఒత్తిడి ముప్పావు వంతు అదనంగా పెరిగితే గానీ ఆవిరి బయటికి రాదు. వెయిట్ ఎప్పుడూ అదే కంపెనీది, అదే మోడల్‌ది కొనాలి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

విజిల్ వచ్చిందంటే లోపలి ఒత్తిడి వెయిట్‌ను లేపేంత అయిందని మాత్రమే అర్థం. తర్వాతి విజిల్ ఎంతసేపటికి వస్తుందనేది మంటను బట్టి, అడుగు మందాన్ని బట్టి, లోపలున్న నీళ్లను బట్టి మారుతుంది. పెద్ద మంట మీద మూడు విజిల్స్ రెండు నిమిషాల్లో వచ్చేస్తే, సిమ్‌లో పది నిమిషాలు పట్టచ్చు. అందుకని మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, అక్కణ్ణుంచి గడియారం చూడండి. తెల్లబియ్యానికి 4-5 నిమిషాలు, ఓ మాదిరి బంగాళదుంపలకు 8-10, రాత్రి నానబెట్టిన శనగలకు 15-20 నిమిషాలు. మంట పెద్దదిగా ఉంచితే త్వరగా ఉడకదు, నీళ్లూ గ్యాసూ వృథా అవుతాయి.

వెయిట్‌ను మొదటే పెట్టకుండా, గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాక పెట్టడం మంచిది. లోపల గాలి మిగిలిపోతే ఒత్తిడిలో కొంత వాటా దానిదవుతుంది. విజిల్ మామూలుగానే వస్తుంది గానీ వేడి 121 డిగ్రీలకు చేరదు. పైన పలుకు మిగలడానికి ఇదీ ఒక కారణం.

నీళ్లు ఎన్ని? ఏం వండినా కనీసం ఒక కప్పు, అంటే పావు లీటరు ఉండాలి. నీళ్లు ఇంకిపోతే వేడికి అదుపుండదు, అడుగంటుతుంది, సేఫ్టీ వాల్వ్ కరుగుతుంది. నింపేటప్పుడు మూడింట రెండు వంతులు దాటకూడదు. పప్పులు, బియ్యం లాంటి ఉబ్బేవీ నురుగొచ్చేవీ అయితే సగానికే ఆపాలి. విజిల్‌లోంచి నీళ్లు చిమ్ముతున్నాయంటే నిండుగా పోసినట్టో, మంట ఎక్కువైనట్టో. పప్పులో అర చెంచా నూనె వేస్తే నురుగు తగ్గుతుంది.

విజిల్ రాకపోతే ముందు మూత అంచు చూడండి. ఆవిరి అక్కడ కారుతుంటే తప్పు గ్యాస్కెట్‌ది: సాగిపోయి ఉంటుంది, గట్టిపడి ఉంటుంది, లేదా దాని గాడిలో మెతుకు ఇరుక్కుని ఉంటుంది. కడిగి, చల్లటి నీళ్లలో ముంచి పెడితే సాగిన రబ్బరు ఆ పూటకు బిగుస్తుంది, కానీ మార్చే సమయం వచ్చినట్టే. అంచు దగ్గర కారకపోయినా విజిల్ రాలేదంటే వెంటనే స్టవ్ ఆపండి. గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, అది ప్రమాదం. వండే ముందు మూతను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గొట్టం రంధ్రంలోంచి వెలుగు కనిపించాలి. రోజూ చేయాల్సిన పని ఇది, రెండు సెకన్లు కూడా పట్టదు.

మూత తీయడం దగ్గర తొందర పనికిరాదు. 20 సెంటీమీటర్ల మూత మీద లోపలి ఆవిరి 300 కిలోలకు మించిన బలంతో నెడుతుంటుంది. స్టవ్ ఆపాక ఒత్తిడి దానంతటదే దిగడానికి 10-15 నిమిషాలు పడుతుంది. వెయిట్‌ను కొంచెం కదిలిస్తే చప్పుడు రాకూడదు, అప్పుడే మూత తిప్పాలి. మధ్యలో బలవంతంగా తీస్తే, 121 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా 100కు దిగాలి. ఆ వేడితో లీటరు నీటిలో దాదాపు 40 మిల్లీలీటర్లు అప్పటికప్పుడు ఆవిరైపోతాయి. అది 60 లీటర్లకు పైగా ఆవిరి, పప్పును పైకప్పుదాకా ఎగజిమ్మేది అదే.

సేఫ్టీ వాల్వ్ పోతే కొత్తది వేయించేదాకా కుక్కర్ పక్కన పెట్టాలి. ఆ రంధ్రానికి మేకు గానీ మామూలు స్క్రూ గానీ బిగించకూడదు. తక్కువ వేడికే కరిగే లోహాన్ని అందులో పెట్టేది గొట్టం మూసుకుపోయినా, నీళ్లు ఇంకిపోయినా ముందు అదే ఓడిపోవాలని. కొత్తది వేశాక, పాతది ఎందుకు పోయిందో కూడా చూసుకోండి. గొట్టం శుభ్రం చేయకపోతే కొత్తదీ అలాగే పోతుంది.