మా శిబిరం వార్తలో అడ్రస్ ఎందుకు లేదంటే

హనుమకొండలో మా కాలనీ వాళ్లం కలిసి ఏటా ఎండాకాలంలో ఒక రక్తదాన శిబిరం పెడతాం. కాలేజీలకు సెలవులిచ్చి పిల్లలు ఊళ్లకు పోతే రక్తం ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు, తలసీమియా అనే రక్తం జబ్బు ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అందుకే ఆ నెలల్లోనే పెట్టాలని పట్టుబట్టాం. మొదటి ఏడాది పేపర్లకు పంపే ప్రెస్ నోట్ రాసింది నేనే.

పేజీన్నర రాశాను. మొదటి పేరా నిండా ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, మా అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి. శిబిరం ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది చివరి రెండు లైన్లలో. తెల్లారి పేపర్లో చిన్న బిట్ వచ్చింది, అందులో అతిథుల పేర్లున్నాయి, అడ్రస్ లేదు. ఆ రోజు వచ్చినవాళ్లలో మా చుట్టాలు, స్నేహితులే ఎక్కువ. నాకు చాలా బాధనిపించింది, పేపర్ ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ వాళ్ల మీద కోపం కూడా వచ్చింది.

మాకు తెలిసిన ఒక విలేకరి ఆ నోట్ చదివి, "అన్నా, జాగ లేకపోతె డెస్కోళ్లు కింది నుంచే కోస్తరు. నువ్వు అసలు ముచ్చటంత కిందనే పెట్టినవ్" అన్నాడు. అంతే, నాకు విషయం అర్థమైంది. చివరి పేరా తీసేసినా, దాని పైది తీసేసినా, మిగిలిన ముక్క చదివినవాడు శిబిరానికి రాగలగాలి. అప్పటి నుంచి నోట్ అయ్యాక నేనే కింది నుంచి ఒక్కో పేరా చేత్తో మూసి చూస్తాను.

ఇప్పుడు మా నోట్ ఇలా మొదలవుతుంది: "తలసీమియా పిల్లల కోసం ఈ నెల 17న ఆదివారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు హనుమకొండ బాలసముద్రంలో రక్తదాన శిబిరం నిర్వహిస్తున్నారు. 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు." రెండో పేరాలో హాలు పేరు, గుర్తుగా పక్కన ఏముందో, ఫోన్ నంబర్. మగవాళ్లయితే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలల కింద ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వొచ్చన్న మాట కూడా అక్కడే, ఎందుకంటే ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది అదే. అతిథుల పేర్లు చివర్న. దీనికి మా సంఘంలో గొడవ అయింది, పేరు పైన లేకపోతే ముఖ్య అతిథి నొచ్చుకుంటాడని. ఆహ్వాన పత్రికలో పెద్దక్షరాలతో వేద్దాం, నోట్‌లో మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. ఇప్పటికీ అదే అంటాను.

"రేపు" అని అస్సలు రాయొద్దు. మీరు రాసిన రోజు వేరు, పేపర్ ఇంటికొచ్చే రోజు వేరు. తేదీ, వారం రెండూ రాస్తే డెస్క్ వాళ్లే "నేడు" అనో "రేపు" అనో మార్చుకుంటారు. తేదీకి వారం సరిపోయిందో లేదో క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చూడండి.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 2016లో ఉమ్మడి వరంగల్ ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ జిల్లా అయింది. మనం అలవాటుగా అంతా వరంగల్ అనే అంటాం, పేపర్లో మాత్రం ఏ జిల్లా వార్తలు ఆ జిల్లా పేజీకి పోతాయి. హనుమకొండ జిల్లా కాజీపేట కార్యక్రమం నోట్ వరంగల్ జిల్లా నర్సంపేట విలేకరికి పంపితే ఆయన దాన్ని ఏం చేసుకుంటాడు? మీ ఏరియా ఎవరు చూస్తారో ముందే కనుక్కొని, ఒక్కో పేపర్‌కు ఆ ఒక్కరికే పంపండి. వీళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు, అయినా మండలమంతా తిరుగుతారు. "మా వార్త ఎందుకు వేయలేదు" అని నిలదీయకండి.

పంపేటప్పుడు కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే వాళ్లు మొత్తం మళ్లీ టైప్ చేసుకోవాలి. యూనికోడ్‌లో టైప్ చేసి మెసేజ్‌గానే పంపండి, కాపీ చేసుకోవడానికి వీలుంటుంది. డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో చేయిస్తే అవతలి ఫోన్‌లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే క్లారిటీ పోదు, కింద ఎడమ నుంచి ఎవరెవరో రాయండి. పిల్లల ఫొటోలు మాత్రం తల్లిదండ్రుల్ని అడగకుండా పంపొద్దు. మేమైతే తలసీమియా పిల్లల ఫొటోలు అసలే పంపం.

రాత్రి తొమ్మిదికి పంపి పొద్దున వెతుక్కుంటే దొరకదు. మేము మూడు రోజుల ముందు మధ్యాహ్నం లోపే పంపి, ఒక్కసారి ఫోన్ చేసి అందిందా అని మాత్రం అడుగుతాం. శిబిరం అయిన రోజు ఇంకో నోట్ ఉంటుంది, ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఏ బ్లడ్ బ్యాంకుకు ఇచ్చాం అని. 38 వస్తే 38 అనే రాస్తాం, 40కి పైగా అని రాయం.

ఈ ఏడాది నోట్ నిన్న రాత్రి పూర్తయింది, మొత్తం 110 మాటలు. ఫోన్ నంబర్‌లో ఒక అంకె తప్పు పడింది, మా ఆవిడ చదివి పట్టుకుంది.