ఉల్మ్‌లో సింహం, సింహాచలంలో చందనం

జర్మనీలో ఆదివారం వచ్చిందంటే కొట్లన్నీ మూత. అదెలాగో సర్దుకుపోతాం, శనివారమే పాలూ కూరగాయలూ తెచ్చి పడేస్తాం. అసలు ఇబ్బంది ఇంట్లో. ఆదివారం చప్పుడు చెయ్యకూడదు కాబట్టి గోడకి డ్రిల్లు పెట్టకూడదు, నేనైతే వాక్యూమ్ క్లీనర్ తియ్యడానికీ, మిక్సీ వెయ్యడానికీ కూడా జంకుతాను. స్టుట్‌గార్ట్‌లో మాది మూడో అంతస్తు. సోఫా మీంచి నేల మీదికి దూకడాన్ని మించిన ఆట లేదనుకునే పిల్లలిద్దరు. కింద ఇంట్లో ఒక పెద్దావిడ. ఆవిడ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, కానీ మెట్ల మీద ఎదురైనప్పుడు చేసే పలకరింపుని బట్టి ఆ వారం ఎన్ని దూకుళ్ళు దూకారో మాకు తెలిసిపోయేది. కాబట్టి మేం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది సరదాకి కాదు, భయపడి.

దానికి తోడు ఇక్కడ మా రాష్ట్రం పేరుతోనే బాడెన్-వ్యూర్టెంబెర్గ్ టికెట్ అని ఒకటుంది. శని, ఆదివారాల్లో అది కొంటే ఆ రోజంతా రాష్ట్రంలో ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు, మన చిన్న పిల్లలకి వేరే టికెట్ అక్కర్లేదు. వేగంగా పోయే రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. అంటే మన పాసింజరు బండి వ్యవహారమే: ప్రతి ఊళ్ళో ఆగుతుంది, కిటికీ పక్క సీటు దొరుకుతుంది, పులిహోర డబ్బా ఎప్పుడు తియ్యాలా అని ఆలోచించుకునేంత తీరిక ఉంటుంది. మావారు ఒకసారి వెన్న రాసిన బ్రెట్సెల్ అనే ఇక్కడి రొట్టె మీద అల్లప్పచ్చడి పూసుకుని తిన్నారు. పిల్లలు బ్రెట్సెల్ మీది ఉప్పురాళ్ళు గోటితో గీకి ఒళ్ళో పోసుకుంటూ, ఈయన మా నాన్న కాదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నారు. రుచి చూసి చెప్తున్నాను, బాగానే ఉంటుంది.

ట్యూబింగెన్‌లో నెక్కార్ నది మీద గడకర్రతో తోసే పడవలెక్కాం. శరత్కాలంలో లుడ్విగ్స్‌బర్గ్ కోట తోటలో గుమ్మడికాయల ప్రదర్శన చూశాం. గుమ్మడికాయలతో ఏనుగు కట్టొచ్చని, డొల్ల చేసిన పెద్ద గుమ్మడికాయలో మనిషి కూచుని తెడ్డు వేసుకుంటూ పందెం వెయ్యొచ్చని అక్కడే తెలిసింది. "ఇన్ని కాయలు పెట్టుకుని ఒక్కరికీ దప్పళం తెలీదు" అన్నాను. మా పెద్దది వెంటనే నిట్టూర్చింది. ఎందుకంటే ఎక్కడికి వెళ్ళినా నాది ఇదే వరస. కొండ కనిపిస్తే అరకు, నది కనిపిస్తే గోదావరి, కోట కనిపిస్తే బొబ్బిలి. "మన దగ్గర కూడా..." అని నేను నోరు తెరవడం పాపం, పిల్లలిద్దరూ వంత పాడేవాళ్ళు. నన్ను వెక్కిరించడానికే అయినా అచ్చ తెలుగులో వెక్కిరిస్తున్నారు కదా అని మురిసిపోయేదాన్ని.

ఉల్మ్ వెళ్ళిన రోజు పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఆరు. స్టుట్‌గార్ట్ నించి గంట పైచిలుకు ప్రయాణం. గైస్‌లింగెన్ దాటాక బండి ఘాట్ ఎక్కుతుంది. 1850లో వేసిన దారి అది. నేను అరకు అనబోయి ఆపుకున్నాను.

ఊరు కనిపించక ముందే గుడి గోపురం కనిపిస్తుంది. ఉల్మ్ మ్యూన్‌స్టర్. 1377లో శంకుస్థాపన చేశారు, 1543లో పని ఆపేశారు, మూడొందల ఏళ్ళు మొండి గోపురంతోనే గడిపి, చివరికి 1890లో పూర్తి చేశారు. ఎత్తు 161.53 మీటర్లు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అప్పటికి అదే. 2025 అక్టోబరులో బార్సిలోనాలోని సగ్రాద ఫమిలియా దాన్ని దాటేసినప్పుడు మా పెద్దది, తన సొంత ఆస్తి ఏదో పోయినట్టు, అన్నం సరిగ్గా తినలేదు.

గుమ్మంలో చిన్నాడు బూట్ల లేసులు విప్పుకుంటూ కూచున్నాడు. "ఇక్కడ విప్పక్కర్లేదురా" అన్నాను. "గుడి అన్నావు కదా?" అన్నాడు. నిజమే, నేనే అన్నాను. వాడి నోట్లో చర్చికీ కోవెలకీ ఒకటే మాట, అది నేను నేర్పిందే. దీనికి నా దగ్గర మంచి జవాబు ఇప్పటికీ లేదు.

పైకి 768 మెట్లు. ఇరుకైన రాతి మెట్లు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి, దిగేవాళ్ళు ఎదురైతే గోడకి అతుక్కుపోవాలి. సగంలో చిన్నాడు ఇక రానని కూలబడ్డాడు. నేను వాడితో కిందికి దిగాను, తండ్రీ కూతురూ పైకి పోయారు. వాళ్ళు దిగి వచ్చాక పెద్దది, "అలిపిరి నించి తిరుమలకి ఎన్ని మెట్లన్నావు?" అని అడిగింది. 3,550 అన్నాను. కాసేపు వేళ్ళు మడిచి, "నాలుగున్నర మ్యూన్‌స్టర్లు" అంది. ఇన్నాళ్ళూ నేను ఇక్కడి వాటిని అక్కడి వాటితో కొలుస్తున్నాను. ఇది అక్కడి వాటిని ఇక్కడి కొలతతో కొలుస్తోంది. మొదట కొంచెం గుచ్చుకుంది. తర్వాత అనిపించింది, అది ఎక్కినవి ఇవే కదా, చేతిలో ఉన్న కొలబద్దతోనే కదా కొలుస్తుంది!

ఊరంతా పిచ్చుక బొమ్మలు. కథేమిటంటే, గుడి కట్టేటప్పుడు ఒక పొడుగాటి దూలాన్ని అడ్డంగా పట్టుకుని ఊరి వాకిట్లోంచి తీసుకుపోదామని చూశారట. పట్టలేదు. ఇక వాకిలి పగలగొట్టేద్దాం అనుకుంటుండగా, గూడు కట్టుకునే పిచ్చుక గడ్డిపరకని పొడుగ్గా తిప్పి దూర్చడం చూసి బుద్ధి తెచ్చుకున్నారట. "అచ్చం పరమానందయ్య శిష్యులే" అనేశాను. ఈసారి వెక్కిరింత రాలేదు. ఎవరు వాళ్ళు అన్నారు. ఏరు నిద్రపోయిందో లేదో చూడ్డానికి కొరివి ముంచిన కథ చెప్పాను. ముంచగానే చుయ్యిమంది కాబట్టి మేలుకునుంది, ఆరిన కట్టె మళ్ళీ ముంచితే చప్పుడు లేదు కాబట్టి నిద్రపోయింది. చిన్నాడు అక్కడ ఏడుపు మర్చిపోయాడు. సరాసరి డాన్యూబ్ ఒడ్డుకి లాక్కుపోయి, ఒక పుల్ల ముంచి చూసి, "పడుకుంది, ఇప్పుడు దాటొచ్చు" అని ప్రకటించాడు. వంతెన దాటాం. అవతలి ఒడ్డు నోయ్-ఉల్మ్, అది బవేరియా, వేరే రాష్ట్రం. అక్కడ మా టికెట్ చెల్లుతుందా లేదా అని మావారికి టెన్షన్. నడిచి వెళ్ళడానికి టికెట్ ఎందుకని పిల్లలకి నవ్వు.

మధ్యాహ్నం చినుకులు పడ్డాయి. తలదాచుకుందామనే మ్యూజియంలో దూరాం.

వెలుతురు తగ్గించిన గదిలో, అద్దాల పెట్టెలో ఒక్క బొమ్మ. ఎత్తు 31 సెంటీమీటర్లు, పెద్దదాని బడి స్కేలు కన్నా ఒక్క సెంటీమీటరు ఎక్కువ. నిటారుగా నిలబడ్డ మనిషి ఒళ్ళు, సింహం తల. మామత్ ఏనుగు దంతంలోంచి, చెకుముకి రాతితో చెక్కింది. ఎడమ చేతి మీద వరసగా గాట్లున్నాయి, పెద్దది లెక్కపెట్టి ఏడు అంది. వయసు దాదాపు 40,000 ఏళ్ళు. జర్మన్‌లో దీన్ని ల్యోవెన్‌మెన్ష్ అంటారు, సింహ మనిషి అని. ఊరికి దగ్గర్లోనే ఒక గుహలో 1939 ఆగస్టులో ముక్కలుగా దొరికింది. వారానికే యుద్ధం వచ్చింది. తవ్వకం ఆగిపోయింది, ముక్కలు పెట్టెల్లోకి వెళ్ళాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1969లో, ఒకరు కూచుని ఆ వందల ముక్కలు అతికితే తప్ప అందులో ఏముందో ఎవరికీ తెలీలేదు.

నేను విశాఖపట్నం దాన్ని. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి పత్రిక సింహాచలం అప్పన్నకే. ఆ అద్దం ముందు నిలబడితే ఒళ్ళు జలదరించింది, తెలీకుండానే చేతులు జోడించబోయాను. పక్కన ఒక జర్మన్ జంట ఉండటంతో జుట్టు సవరించుకుంటున్నట్టు నటించాను. ఈలోగా చిన్నాడు, మన దగ్గర కూడా అని నేను అనకుండానే, గది దద్దరిల్లేలా అరిచాడు: "అమ్మా! నరసింహస్వామి!"

నేను తల్లిని కాబట్టి పొంగిపోవాలి. కానీ ఎందుకో నాలోని టీచరమ్మ లేచింది. "కాదు నాన్నా, ఇది చాలా పాతది. చేసినవాళ్ళెవరో, ఎందుకు చేశారో ఎవరికీ తెలీదు. మన స్వామికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను.

"డోఖ్!" అన్నాడు వాడు.

ఈ మాట గురించి చెప్పాలి. ఎవరైనా "కాదు" అంటే, "కాదు కాదు, అవును" అనడానికి జర్మన్‌లో ఒక్క చిన్న మాట సరిపోతుంది, అదే డోఖ్. తెలుగులో దీనికి సరిసాటి లేదు. అందుకే మా పిల్లల తెలుగులో ఇది దర్జాగా వచ్చి కూచుంది. "నువ్వు పళ్ళు తోముకోలేదు." "డోఖ్!" "రేపు బడి లేదు." "డోఖ్!" మొదట్లో దిద్దేదాన్ని. ఇప్పుడు కోపం వస్తే నేనే అంటున్నాను.

మరుసటి వేసవికి ఊరెళ్ళాం. ఈ రాష్ట్రంలో వేసవి సెలవులు జులై ఆఖరి నించి సెప్టెంబరు రెండో వారం దాకా. బడి తప్పనిసరి, మధ్యలో ఊరెళ్తామంటే సెలవివ్వరు. కాబట్టి మా పిల్లలకి తెలిసిన ఆంధ్రదేశంలో ఎప్పుడూ వానాకాలమే. సంక్రాంతి ముగ్గులు ఫోన్లో చూస్తారు, మామిడిపళ్ళ కథలు వింటారు.

సింహాచలం క్యూలో చిన్నాడు ఎవరి మాటా వినలేదు. దర్శనం ముందు కప్పస్తంభాన్ని కావిలించుకోమంటే గబగబా కావిలించుకుని పరిగెత్తాడు. తీరా గర్భగుడి ముందుకొచ్చాక వాడి మొహం చూడాలి. లోపల దీపాల వెలుగులో లేత పసుపు ముద్ద. తల లేదు, జూలు లేదు, కోరలు లేవు. చూసేవాళ్ళకి లింగంలా ఉంటుంది. వెనకవాళ్ళు తోసేస్తున్నారు. బయటపడ్డాక నిలదీశాడు. "సింహం ఏదీ?"

"చందనం లోపల" అంది మా అమ్మ. "స్వామి ఉగ్రంగా ఉంటాడు కదా నాన్నా, చల్లబరచడానికి ఏడాదంతా గంధం పూసి ఉంచుతారు."

"నువ్వు చూశావా?"

"ఎన్నోసార్లు. వైశాఖంలో, అక్షయ తృతీయ నాడు, ఆ ఒక్కరోజూ గంధం వలిచేస్తారు. అప్పుడు రా, చూపిస్తాను."

వాడు నా వైపు తిరిగాడు. నేను లెక్క వేసుకున్నాను. ఏప్రిల్ రెండో సగం, లేదంటే మే. మా ఈస్టర్ సెలవులు అప్పటికి అయిపోతాయి, పెంతెకోస్తు సెలవులు ఇంకా మొదలవ్వవు. ఎప్పుడూ ఆ రెంటి మధ్యనే పడుతుంది. నా మొహంలో అది చదివేసినట్టున్నాడు, అమ్మమ్మతో వాడే చెప్పాడు: "అప్పుడు మాకు బడి ఉంటుంది."

"ఒక్క నాలుగు రోజులు మానేస్తే ఏమీ అవదులే."

"డోఖ్!" అన్నాడు వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

మా అమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుంది. "తోకా? అదీ ఉంటుంది నాన్నా" అంది. "తోక కూడా చందనం లోపలే ఉంటుంది."