జూని–అకోమా బాట: మెకార్టీస్ లావా మీద మళ్ళీ బ్రేక్

మళ్ళీ అదే చోట దారి పోయింది. నాకింకా కోపం తగ్గలేదు. కొలతలు మర్చిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్నా.

ఎల్ మాల్‌పైస్ నేషనల్ మాన్యుమెంట్‌లో జూని–అకోమా బాట గురించే ఇదంతా. న్యూ మెక్సికోలో హైవే 53 దగ్గర ఒక చివర, హైవే 117 దగ్గర ఇంకో చివర, మధ్యలో ఏడున్నర మైళ్ళు. జూని, అకోమా ప్యూబ్లోల (అక్కడి ఆదివాసుల ఊళ్ళు) వాళ్ళు వందల ఏళ్ళుగా ఒకరి ఊరికి ఒకరు నడిచిన దారి ఇది. ఇక్కడ కాలిబాట కనబడదు. గట్టిపడిన లావా మీద అడుగుజాడ పడదు కదా. రాళ్ళ కుప్పలు పేర్చి ఉంటాయి. ఒక కుప్ప దగ్గర నిలబడి తర్వాతి కుప్పను వెతుక్కుని, అక్కడికి వెళ్ళి మళ్ళీ వెతుక్కోవాలి. పడమటి సగం పాత లావా. దాని మీద మట్టి పేరుకుంది, పైన్ చెట్లు పెరిగాయి, నడక హాయిగా ఉంటుంది. తూర్పు చివర వచ్చేది మెకార్టీస్ ప్రవాహం. వయసు సుమారు 3,900 ఏళ్ళు, ఆ చుట్టుపక్కల అన్నిటికంటే చిన్నది. నల్లగా, పదునుగా, నిన్న మొన్న చల్లారినట్టే ఉంటుంది. నా సమస్యంతా దానితోనే.

ముందు బాగా జరిగినవి చెప్పేస్తా. దగ్గర్లోని ఇసుకరాయి గుట్ట ఎల్ మోరోలో హెడ్‌ల్యాండ్ ట్రైల్ పూర్తయింది, పైన అట్సినా అనే పాత ప్యూబ్లో శిథిలాల దగ్గర గంటసేపు ఉన్నాం. కింద ఇన్‌స్క్రిప్షన్ రాక్ మీద స్పానిష్ గవర్నర్ ఓన్యాటే 1605 ఏప్రిల్ 16న చెక్కించిన రాత ఏటవాలు ఎండలో మొదటిసారి అక్షరం అక్షరం ఫొటోలో పడింది. ఎర్రగుడిలో అశోకుడి శాసనం చూడ్డానికి తెల్లారుజామునే వెళ్ళాలని మా తాతయ్య ఎందుకనేవాడో ఇక్కడా అర్థమైంది. జంక్షన్ కేవ్‌కి పర్మిట్ తీసుకుని వెళ్ళొచ్చాం, అంతా సవ్యంగానే జరిగింది.

ఇక అసలు సంగతి.

ఈసారి ప్లాన్ మార్చాం. ఇంతకుముందు పడమర నుంచి బయల్దేరేవాళ్ళం. మెకార్టీస్ చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది, కాళ్ళు, నీళ్ళు రెండూ అయిపోయేవి. అందుకని ఈసారి తూర్పు నుంచి, హైవే 117 వైపు నుంచి, సూర్యోదయానికే మొదలుపెట్టాం. ఫీనిక్స్ నుంచి మా బావమరిది వచ్చాడు. ఒకవేళ మొత్తం దాటేస్తే పనికొస్తుందని అతని కారు ముందురోజు సాయంత్రమే 53 వైపు పెట్టేశాం. సెప్టెంబరు ఆఖరు. పొద్దున చలి, మధ్యాహ్నానికి గాలి 24 డిగ్రీలు.

తూర్పు నుంచి వెళ్ళడం వెనక నా లెక్క వెలుతురు. కుప్పలూ బసాల్టే (లావా గట్టిపడ్డ నల్లరాయి), నేలా బసాల్టే, నలుపులో నలుపు. పడమర నుంచి పొద్దున్నే నడిస్తే ఎండ ఎదురుగా కొడుతుంది, మనకు కనిపించేది కుప్ప నీడవైపు. తూర్పు నుంచి వెళ్తే ఎండ వీపు వెనక ఉంటుంది, రాళ్ళ మీది బూడిదరంగు, ఆకుపచ్చ లైకెన్ (రాతిని పట్టుకుని పెరిగే నాచులాంటిది) మెరుస్తుంది. ఈ లెక్క చాలావరకు నిజమే. మొదటి మైలు ఎక్కడా ఆగలేదు. గోల్ఫ్ వాళ్ళు వాడే లేజర్ రేంజ్‌ఫైండర్‌తో కుప్పకీ కుప్పకీ మధ్య దూరం కొలుచుకుంటూ వెళ్ళా. ఎక్కువగా 20 నుంచి 35 గజాలు. 40 దాటిన చోట కుప్ప ఎత్తయిన దిబ్బ మీద ఉంది. వేగం మైలుకి 70 నిమిషాలు. పడమటి వైపు మట్టినేల మీద నాకు 25 నిమిషాలు చాలు. ఈ లావా మీద 70 అంటే నేను సంతోషంగా ఒప్పుకుంటా.

ట్రైల్‌హెడ్ నుంచి మైలున్నర దాటాక, తొమ్మిదీ ఇరవైకి, ఇంతకుముందు దారి పోయిన అదే పగులు దగ్గరికి వచ్చాం. వెలుతురు బ్రహ్మాండంగా ఉంది. అయినా తర్వాతి కుప్ప లేదు. వెలుతురొక్కటే కారణం అనే నా థియరీ అక్కడితో పోయింది.

ఆ చోటు ఎలా ఉంటుందంటే: మెకార్టీస్ లావా పారుతున్నప్పుడు పైన చర్మం గట్టిపడింది, లోపల వేడి లావా వస్తూనే ఉంది. ఆ ఒత్తిడికి పైపొర పూరీలా ఉబ్బి, అంచుల్లో చీలింది. అందుకే పైన చదునైన దిబ్బలు, వాటి మధ్య లోతైన పగుళ్ళు. మేం ఆగిన పగులు లోతు 9 అడుగులు, ఇరుకైన చోట వెడల్పు 6 అడుగులు. ఈ పక్క అంచున ఆఖరి కుప్ప, మోకాలెత్తు, అనుమానమే లేదు. అవతల దిబ్బల మీద కుప్పలా కనిపించేవి మూడు. అన్నిటికంటే దగ్గరిది 66 గజాలు. ఇప్పటిదాకా వచ్చిన దూరాలకు ఇది రెట్టింపు.

దిగితే రెండు వైపులా ఏమీ కనిపించదు. కింద రాళ్ళు కూలి ఉన్నాయి, తిన్నగా దాటలేం. పక్కకి జరిగి ఎక్కగలిగిన చోట ఎక్కుతాం. అప్పటికి దిక్కు ఒక 20 డిగ్రీలు తప్పినా, 66 గజాల దగ్గర అది దాదాపు 23 గజాల తేడా. మామూలు నేల మీద 23 గజాలంటే లెక్కలోకే రాదు. ఇక్కడ అది వేరే దిబ్బ, దానికి వేరే పగులు, ఆ తర్వాత వేరే దారి. రెండు పగుళ్ళు దాటేసరికి మనం ఎక్కడున్నామో మనకే తెలియదు.

దిక్సూచితో పోదామంటే బసాల్ట్‌లో ఇనుము. నడుము ఎత్తులో పట్టుకుని చూసిన రీడింగ్‌కీ, అదే దిక్సూచి రాతి మీద పెడితే వచ్చినదానికీ 14 డిగ్రీల తేడా. ఐదడుగులు జరిగి ఇంకో రాతి మీద పెడితే 6 డిగ్రీలు రెండో వైపుకి. ఛాతీ ఎత్తులో పట్టుకుని మూడుచోట్ల చూసి సగటు తీస్తే కొంత నమ్మొచ్చు, అదీ పది డిగ్రీల లోపు గ్యారంటీ లేదు. ఫోన్‌లో దిక్సూచి ఈ నేల మీద అసలు వాడొద్దు.

జీపీఎస్ విషయంలో నాకు ఆశ్చర్యం కలిగించింది ఇది. ముందే ఇంతకుముందు నడిచినవాళ్ళు రికార్డు చేసిన మూడు వేర్వేరు దారులు (జీపీఎక్స్ ట్రాకులు) దింపుకుని వెళ్ళా. ఆఖరి కుప్ప వరకు మూడూ ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టే ఉన్నాయి. పగులు దగ్గర మూడూ మూడు దార్లు. గరిష్ఠ తేడా 40 గజాలు. అవతల దాదాపు పావు మైలు పోయాక మళ్ళీ కలిశాయి. అంటే దారి పోయింది మాకొక్కరికే కాదు, ఆ ట్రాకులు చేసినవాళ్ళూ ఇక్కడే తడుముకున్నారు. ఆ ముగ్గురూ ఎలాగో బయటపడ్డారు, ట్రాకులో ఆ తడుములాటే రికార్డయింది. ఇది చూశాక ఈ బాట మీద ఇతరుల ట్రాకును గుడ్డిగా పట్టుకుని నడవడం నాకు నచ్చదు. ఆకాశం తెరిచి ఉంటే సిగ్నల్ బాగానే ఉంటుంది, 15 అడుగుల లోపే తప్పు. ట్రాకే తప్పయితే ఆ కచ్చితత్వంతో ఏం చేసుకోవాలి?

అవతల కనిపించిన మూడింటినీ ఒక్కొక్కటిగా చూసొచ్చాం. రెండు సహజంగా విరిగిన పలకలు, దూరం నుంచి కుప్పల్లా కనిపిస్తాయి. మూడోది మనుషులు పేర్చిందే, కానీ ఈమధ్య ఎవరో నడకవాళ్ళు పెట్టినట్టుంది. రాళ్ళ లైకెన్ వైపు కిందికి ఉంది, శుభ్రమైన వైపు పైకి. దాని నుంచి ముందుకు ఏ దారీ లేదు. దయచేసి అక్కడ కొత్త కుప్పలు పేర్చకండి. సరదాగా పెట్టిన ఒక్క కుప్ప వల్ల మాకు నలభై నిమిషాలు పోయాయి. నీళ్ళు తక్కువగా ఉన్నవాళ్ళకి అది ప్రాణం మీదికి రావచ్చు.

నా మొదటి ఊహ: అసలు కుప్ప పడిపోయింది. పగులుకి అవతల 30 గజాల్లో ఒక చదును బండ మీద తలకాయంత రాళ్ళు ఏడెనిమిది చెల్లాచెదురుగా ఉన్నాయి, వాటి చుట్టుపక్కల ఇంకే వదులు రాళ్ళూ లేవు. దూరం సరిపోతుంది, చోటు సరిపోతుంది. దాన్ని మేం ముట్టుకోలేదు, తిరిగి పేర్చే పని పార్కు వాళ్ళది. ఫొటోలు, స్థానం తీసుకుని గ్రాంట్స్‌లో విజిటర్ సెంటర్‌లో ఇచ్చాం.

రెండో ఊహ మా బావమరిదిది, నాకు ఇదే ఎక్కువ నచ్చింది. నేను దిగే చోటు వెతుకుతుంటే అతను పగులు అంచు పట్టుకుని ఉత్తరానికి నడుచుకుంటూ పోయాడు. 45 గజాల దూరం నుంచి ఈల వేశాడు. వెళ్ళి చూస్తే పగులు ఆ చోట రాళ్ళతో నిండి ఉంది. పైభాగం దాదాపు మట్టంగా, నాలుగడుగుల వెడల్పున. ఈ బాట మీద పూర్వం నడిచినవాళ్ళు పగుళ్ళను లావా రాళ్ళతో పూడ్చి వంతెనల్లా చేశారన్న సంగతి తెలిసిందే, పడమటి వైపు అలాంటిది చూశాం కూడా. ఇది వంతెనా, అంచుల రాళ్ళు వాటంతట అవే కూలాయా అనేది నేను తేల్చలేను. అతను మాత్రం, "బావా, వీపు మీద బరువు పెట్టుకున్నవాడు తొమ్మిదడుగుల గోతిలోకి ఎందుకు దిగుతాడు? నడిచే చోటు చూసుకుంటాడు గానీ," అన్నాడు. నిజమే కదా. సరుకులు మోసుకుంటూ ఈ ఊరికీ ఆ ఊరికీ తిరిగిన దారి ఇది. నేను ఇన్నాళ్ళూ తర్వాతి కుప్ప ఎక్కడని వెతుకుతున్నా. బరువుతో నడిచేవాడు ఎక్కడ దాటగలడో ముందు వెతికి, అక్కడ నిలబడి కుప్ప కోసం చూడాలి.

అప్పటికి టైమ్ పన్నెండు కావస్తోంది. మనిషికి నాలుగున్నర లీటర్ల నీళ్ళలో సగం అయిపోయాయి. సగం దగ్గర వెనక్కి తిరగడం మా రూల్, దానికి మినహాయింపు లేదు. వంటింట్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే లావా పైభాగం 47 డిగ్రీలు. పైగా నా కుడి షూ అడుగుభాగం ముందువైపు ఊడి వేలాడుతోంది. పేరున్న కంపెనీదే, ఎల్ మోరో ఇసుకరాయి మీద దానికేం కాలేదు, ఈ లావా మీద ఒక పూట నిలవలేదు. డక్ట్ టేప్ చుట్టి బయటపడ్డా.

పరికరాల మీద నా అభిప్రాయాలు, ఈ నేల వరకే. విబ్రమ్ గట్టి రబ్బరు అడుగు ఉన్న గట్టి లెదర్ బూట్లే సరైనవి, మా బావమరిది పాత బూట్లకి గీతలు తప్ప ఏమీ కాలేదు. మెత్తటి ట్రైల్ రన్నర్ షూలు మిగతా ఎడారి మొత్తానికి నాకు ఇష్టం, ఇక్కడికి కాదు. కర్రలు రెండు అక్కర్లేదు, ఒకటే చాలు. రెండో చేయి ఖాళీగా ఉండాలి, దానికి తోటపని లెదర్ గ్లౌజ్ ఉండాలి. గార్మిన్ ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసెంజర్ ఖరీదు ఎక్కువే, కానీ లోపల ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం కాబట్టి నేను అది లేకుండా వెళ్ళను. యూఎస్‌జీఎస్ (అమెరికా భూవిజ్ఞాన సర్వే) కాగితం మ్యాపు ఇప్పటికీ బెస్ట్. కుక్కల్ని తీసుకెళ్ళకండి, వాటి అరికాళ్ళు చిరిగిపోతాయి.

ఒక్క మాట మధ్యలో. ఆ పగుళ్ళ అంచుల్లో వంకరలు తిరిగిన చిన్న డగ్లస్ ఫర్ చెట్లుంటాయి. ఎత్తు చూస్తే నాలుగేళ్ళ మొక్కలా ఉంటుంది, వయసు వందల ఏళ్ళు ఉండొచ్చు. ఎల్ మాల్‌పైస్ లావా మీది బతికున్న చెట్లు, ఎండిన మొద్దులు కలిపి, వాటి వలయాలతో శాస్త్రవేత్తలు క్రీ.పూ. 136 దాకా వానల లెక్క కట్టారు. నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు వాటి వేళ్ళ మీద కూర్చోవద్దు, ఎండిన కట్టెలు ఏరొద్దు.

తర్వాతి ప్లాన్ ఇది. అక్టోబరు చివరి వారం, తూర్పు నుంచే. ఈసారి ఆఖరి కుప్ప దగ్గర ఆగకుండా నేరుగా ఆ పూడిన చోటికి వెళ్ళి, అక్కడి నుంచి చూపు తిప్పుతాం. ఒకరు తెలిసిన కుప్ప దగ్గరే నారింజ రంగు టోపీతో నిలబడాలి, రెండోవాళ్ళు వెతకాలి, ఈల వినబడే దూరం దాటకూడదు. వెళ్ళేటప్పుడు ప్రతి కుప్పకీ వెనక్కి తిరిగి ఒక ఫొటో. తిరుగుదారిలో కనిపించేది ఆ రూపమే, దాన్ని ముందే చూసిపెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఫొటోలో రేంజ్‌ఫైండర్ దూరం కూడా పడేలా చూస్తా. పగుళ్ళు దాటిన చోట్ల వెడల్పు, లోతు కూడా రాస్తా, మనుషులు పూడ్చినవేవో ఒక లెక్క తేలుతుందేమో.

చలికాలంలో చాకో కాన్యన్, న్యూ మెక్సికోలోనే ఉన్న పాత ప్యూబ్లో శిథిలాలు. అక్కడి పెద్ద ఇల్లు ప్యూబ్లో బొనీటో ఎప్పుడు చూసినా తనివి తీరదు, కానీ ఈసారి నాకు కావలసింది అక్కడి పాత రోడ్లు. వాన పడితే లోపలికి వెళ్ళే మట్టిరోడ్డు బురద అవుతుంది కాబట్టి వాతావరణం చూసుకుని గాయో క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేయాలి.

వసంతంలో ఆరిజోనా. సన్‌సెట్ క్రేటర్, వుపాట్కీ శిథిలాలు ఒకే లూప్ రోడ్డు మీద ఉన్నాయి. మొదటిది అగ్నిపర్వతం, 1085 ప్రాంతంలో పేలింది, ఆ తర్వాతి శతాబ్దంలో వుపాట్కీలో వంద గదుల దాకా ఉన్న ఇల్లు లేచింది. క్రేటర్ పైకి ఎక్కడం 1973 నుంచి నిషేధం, కాబట్టి పక్కనున్న లెనాక్స్ క్రేటర్ ఎక్కుతాం. నాకు అసలు ఆసక్తి మాత్రం వుపాట్కీ శిథిలాల పక్కనున్న బ్లోహోల్ మీద. బయట గాలి ఒత్తిడిని బట్టి నేల లోపలి పగుళ్ళు ఆ కన్నం గుండా గాలి పీలుస్తాయి, వదుల్తాయి. కెస్ట్రెల్ చిన్న మీటర్ ఇప్పటికే కొన్నా, గాలి వేగం, బారోమీటర్ రెండూ చూపిస్తుంది. పొద్దున తెరవగానే ఒక గంట, సాయంత్రం మూసేముందు ఒక గంట, పది నిమిషాలకోసారి రీడింగ్ తీయాలి. గాలి దిశ మారే క్షణం పట్టుకోగలిగితే, ఆ టేబుల్ మొత్తం ఇక్కడే పెడతా.