హెచ్1 రిజిస్టరు

తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర మాదో చిన్న మెడికల్ షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. కౌంటరు సొరుగులో ఒక రిజిస్టరు ఉంటుంది, హెచ్1 అనే జాబితాలోని మందుల కోసం. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ అమ్మినా, ఆందోళన తగ్గించే ఆల్ప్రాజొలమ్ అమ్మినా అందులో రాయాల్సిందే: ఎవరికి, ఏ డాక్టరు చీటీ మీద, ఎన్ని మాత్రలు. మూడేళ్లు దాచాలి. రాయడం నాకు కష్టమేం కాదు. యాంటీబయాటిక్ లెక్కలేకుండా పోతే నష్టం ఊరందరికీ.

2024 మార్చి 14 రాత్రి, షట్టరు దించాక, ఎన్నికల సంఘం బయటపెట్టిన ఎన్నికల బాండ్ల జాబితా, అంటే పార్టీలకు విరాళాలివ్వడానికి బాండ్లు కొన్నవాళ్ల జాబితా, ఫోన్లో తెరిచా. నా ర్యాకుల్లో డబ్బాల మీద రోజూ చూసే కంపెనీల పేర్లు ఒక్కొక్కటే తగిలాయి. హైదరాబాద్ యశోద ఆసుపత్రి పేరున ఉన్నవి కూడితే 162 కోట్లు! ఎవరు ఎవరికిచ్చారో జనానికి చెప్పక్కర్లేదని చట్టమే అన్న విరాళాలివి. పాత చట్టంలో కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం మించి ఇవ్వకూడదనే హద్దుండేది. 2017లో దాన్నీ తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ బాండ్ల పథకాన్ని కొట్టేయబట్టి మనం ఈ మాత్రమన్నా చూశాం.

విరాళమిచ్చారు కాబట్టే ఫలానా పని జరిగిందని నేననను, నా దగ్గర ఆధారం లేదు. కానీ మందు ధరలో ప్రభుత్వం మాట ఎంత నడుస్తుందో కౌంటర్లో నిలబడ్డవాడికి తెలుసు. ధరల నియంత్రణ జాబితాలో లేని మందుకు ఏడాదికి పది శాతం దాకా పెంచుకోవచ్చు. గుండె రక్తనాళంలో వేసే మందుపూత స్టెంటును లక్ష దాటి అమ్మేవాళ్లు, దానికి 2017 ఫిబ్రవరిలో ఒక్క ఉత్తర్వుతో 29,600 రూపాయలని పరిమితి పెట్టారు. అలాంటి ఉత్తర్వుకు ముందు ఎవరు ఎవర్ని కలిశారు, ఏమడిగారు? అమెరికాలో లాబీయింగ్ చేసేవాళ్లు, అంటే కంపెనీల తరఫున ప్రభుత్వాన్ని ఒప్పించే పని చేసేవాళ్లు, ఎవరి తరఫున, ఎంత సొమ్ము మీద చేస్తున్నారో 1995 చట్టం ప్రకారం మూణ్ణెల్లకోసారి రాసివ్వాలి, ఎవరైనా చదువుకోవచ్చు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. రావాలి. నా రిజిస్టరులాంటిదే ఆ లాబీయింగ్ చేసేవాళ్లకూ ఉండాలి.

నిన్న చంద్రగిరి నుంచి ఒక అవ్వ బీపీ చీటీతో వచ్చింది. కొంగుముడి విప్పి డబ్బులు రెండుసార్లు లెక్కబెట్టుకుంది.

"నెలకొద్దు నాయనా, పది దినాలకు కత్తిరించియ్యి."

ధర, తేదీ ఉన్న వైపు నాకుంచుకుని మిగతాది కత్తిరించిచ్చా.

"పోయినేడు ఇంత లేదే. ఎవురు పెంచినారు నాయనా?"

"కంపెనీవాళ్లవ్వా."

"వాళ్లనడిగేవాళ్లు లేరా?"

చిల్లర చేతిలో పెట్టా. వెనక ఒక కుర్రాడు సెఫిక్సిమ్ చీటీ పట్టుకుని నిలబడున్నాడు. రిజిస్టరు తీసి పేరు అడిగా.